గోదావరి అడవి అంచున సీమ తులసి: ఒక మొక్క పేరు తేలిన చరిత్ర

ఖమ్మం జిల్లా తూర్పు అంచు నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాటి చింతూరు వైపు సాగే అడవి దారుల పక్కన, వానలు వెనకబట్టే వేళకు నడుమెత్తున పెరిగి చిన్న చిన్న నీలి పూలు పూసే మొక్క సీమ తులసి. కొన్నిచోట్ల కొండ తులసి అంటారు. ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది. కాండం నాలుగు పలకలుగా, నూగుతో ఉంటుంది. మొదలు చెక్కబారుతుంది, పై కొమ్మలు మాత్రం ఏటా ఎండి విరిగిపోతాయి. పూర్తిగా పొదా కాక, పూర్తిగా గడ్డిజాతి మెత్తని మొక్కా కాక మధ్యస్థంగా ఉండే ఇలాంటివాటిని వృక్షశాస్త్రంలో ఉపగుల్మాలు అంటారు. తడి నిలిచే చోట రెండో ఏడూ మొదలు నుంచి చిగురిస్తుంది. ఎండు నేలలో ఒక్క వానాకాలంతోనే బతుకు ముగించుకుని, ఆ కొద్ది కాలంలోనే వేల విత్తనాలు రాలుస్తుంది.

దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం. దాని దగ్గరి చుట్టాల జాతులు అత్యధికంగా కనిపించేది బ్రెజిల్ మధ్య పీఠభూమిలోని సెరాడో అనే పచ్చిక అడవిలో. సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్ల ఆ మైదానంలో చెట్లు దూరదూరంగా ఉంటాయి, నడుమ గడ్డీ, చిన్న పొదలూ అల్లుకుంటాయి. ఏడాదిలో సగం వానలు, మిగతా సగం గట్టి ఎండ. ఎండాకాలంలో కార్చిచ్చు మామూలు. ఆ వాతావరణానికి అలవాటు పడిన మొక్కకు గోదావరి ఒడ్డు అడవి పరాయి చోటు కాలేదు. జూన్‌లో తొలకరి, అక్టోబరుకు ముగిసే వానలు, ఫిబ్రవరి నుంచి ఆకు రాల్చే టేకు, నల్లమద్ది, తునికి, మార్చి తర్వాత నేలమీద పరుచుకునే ఎండుటాకుల మంట, ఇవన్నీ దానికి సొంత ఊరి లక్షణాలే.

పుస్తకాల్లో ఈ మొక్క చరిత్ర జమైకా దీవి దగ్గర మొదలవుతుంది. ఐర్లండ్ వైద్యుడు పాట్రిక్ బ్రౌన్ 1756లో జమైకా ప్రకృతి చరిత్ర గ్రంథం అచ్చువేస్తూ ఈ రకం మొక్కలకు మీసోస్ఫీరమ్ అనే ప్రజాతి పేరు పెట్టాడు. మూడేళ్ల తర్వాత, 1759లో, స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ దీన్ని బాలోటా స్వావియోలెన్స్ అని నమోదు చేశాడు. స్వావియోలెన్స్ అన్న రెండో మాట మొక్క వాసనను బట్టి వచ్చింది. 1787లో జాక్విన్ అనే వృక్షశాస్త్రవేత్త హిప్టిస్ అనే ప్రజాతిని స్థాపించాడు. 1806లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త, చిత్రకారుడు పొయటో ఈ మొక్కను అందులోకి మార్చి హిప్టిస్ స్వావియోలెన్స్ అన్నాడు. ఆ పేరే రెండు వందల ఏళ్లకు పైగా ప్రపంచమంతటా చలామణి అయింది. భారతదేశపు పుస్తకాల్లోనూ, కళాశాలల్లో విద్యార్థులు అతికించిన ఎండుమొక్కల అట్టలమీదా కనిపించేది అదే.

లిన్నేయస్ కాలానికి గోదావరి అడవుల మొక్కలు యూరప్ పుస్తకాల్లోకి ఇంకా సరిగా ఎక్కలేదు. ఆ పని మొదలుపెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా చేరిన ఈ స్కాట్లండు వాసి 1780లలో సామర్లకోటలో ఉంటూ అక్కడ మిరియం, కాఫీ, నీలిమందు వంటి పంటలతో ప్రయోగాలు నడిపాడు. చుట్టుపక్కల మైదానాల నుంచీ కొండల నుంచీ మొక్కలు తెప్పించి, దేశీ చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల్లోంచి ఏరిన 300 చిత్రాలతో కోరమాండల్ తీరపు మొక్కల గురించి మూడు సంపుటాలు లండన్‌లో 1795 నుంచి వెలువడ్డాయి. 1793లో అతను కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లిపోయాడు కానీ, తెలుగు నేలమీద పోగుచేసిన సమాచారాన్ని చివరిదాకా వదల్లేదు. అతని రాతల్లో మొక్క వర్ణన పక్కనే తెలుగువాళ్లు పిలిచే పేరు ఉంటుంది. పేరు చెప్పినవాళ్లు ఎవరో పుస్తకం చెప్పదు. అయినా ఆ మొక్కను ఎక్కడ వెదకాలో, దేనికి వాడతారో తెలిసినవాళ్లు వెంట ఉండి చూపించకుండా ఆ పేజీలు పుట్టేవి కావన్నది స్పష్టం.

బీడీ చుట్టే తునికాకు చెట్టుకు నేటికీ చెల్లుతున్న శాస్త్రీయనామం, డయోస్పైరోస్ మెలనోజైలాన్, రాక్స్‌బర్గ్ 1795 సంపుటంలో పెట్టినదే. ఇప్ప చెట్టునూ అదే సంపుటంలో బొమ్మతో సహా వర్ణించాడు. భద్రాచలం ఏజెన్సీలో వేసవిలో తునికాకు కల్లాలు, ఇప్పపూల ఏరివేత ఎంత ముఖ్యమో తెలిసినవాళ్లకు ఈ రెండూ తొలి సంపుటంలోనే ఎందుకు ఎక్కాయో అర్థమవుతుంది. అడవిలో మనుషులు వాడుకునే మొక్క, అమ్ముడుపోయే మొక్క, సర్కారుకు రాబడి తెచ్చే మొక్క ముందుగా పేరు తెచ్చుకుంది. ఎవరికీ పనికిరాకుండా, ఎక్కడినుంచో వచ్చి దారి పక్కన మొలిచే మొక్క వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. గోదావరి అంచున మొక్కల గుర్తింపు చరిత్రలో ముఖ్యమైన విషయం ఇదే. సీమ తులసి కథ దానికి మంచి ఉదాహరణ.

ఆలస్యానికి మరో కారణం పాలనా సరిహద్దు. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డునున్న భద్రాచలం ప్రాంతాన్ని బ్రిటిష్‌వారికి అప్పగించాడు. అది మొదట మధ్య పరగణాల్లోని ఎగువ గోదావరి జిల్లాలో చేరింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు మారాయి. కుడి ఒడ్డున పాల్వంచ, ఇల్లెందు, ఖమ్మం నిజాం పాలనలోనే ఉన్నాయి. ఒకే అడవి, ఒకే వాన, ఒకే జాతుల చెట్లు. రాజ్యాలు మాత్రం రెండు. ఎడమ ఒడ్డు మొక్కలు మద్రాసు అటవీశాఖ లెక్కల్లోకి వచ్చాయి, కుడి ఒడ్డువి రాలేదు. మద్రాసు అటవీ సేవలో పనిచేసి తర్వాత దెహ్రాదూన్ అటవీ పాఠశాలకు అధిపతి అయిన జె.ఎస్. గాంబుల్ మొదలుపెట్టి, అతని మరణానంతరం సి.ఇ.సి. ఫిషర్ పూర్తి చేసిన మద్రాసు రాష్ట్ర వృక్షజాల గ్రంథం 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చింది. దక్షిణాదిలో మొక్కను గుర్తించాలనుకునేవారికి నేటికీ అదే మొదటి ఆసరా. అందులో భద్రాచలం ఏజెన్సీ ఉంది, హైదరాబాద్ సంస్థానం లేదు. నిజాం వైపు మొక్కల గురించి చెప్పుకోదగ్గ పని 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక, ముఖ్యంగా 1930లలో అక్కడి అధ్యాపకుడు సయీదుద్దీన్ రాసిన వ్యాసాలతో మొదలైంది.

సీమ తులసి ఈ దేశంలో స్థిరపడిన సంగతి అంతకుముందే రికార్డయింది. జోసెఫ్ హుకర్ సంపాదకత్వంలో ఏడు సంపుటాలుగా వచ్చిన బ్రిటిష్ ఇండియా వృక్షజాలంలో నాలుగో సంపుటం 1885 నాటిది. తులసి కుటుంబం గురించి రాస్తూ హుకర్ ఈ మొక్కకూ చోటిచ్చాడు. అయితే అటువంటి పెద్ద గ్రంథంలో విదేశీ మొక్కకు దక్కేది కొన్ని వరుసలే.

అడవి తెరుచుకున్న చోటల్లా మొలిచే గుణం దీనిది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో గోదావరి ఒడ్డున అడవి తెరుచుకున్న తీరు తెలియకుండా దీని వ్యాప్తి అర్థం కాదు. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారం గోదావరిని ఎగువదాకా పడవలకు అనుకూలం చేయాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పక్క కాలువ, లాకులు కట్టడం మొదలుపెట్టారు. 1871లో ఆ పథకం ఆగిపోయింది. ఆనకట్ట మాత్రం ఇప్పటికీ ఉంది. ఆ పనులకోసం కూలీలు, ఎడ్లబండ్లు, కలప, సున్నం ఎన్నో ఏళ్లు ఒడ్డు వెంట కదిలాయి. కుడి ఒడ్డున సింగరేణి గనులు 1880ల చివర ఇల్లెందు దగ్గర తెరుచుకున్నాయి. బొగ్గు కోసం రైలు వచ్చింది, గనుల దన్ను కోసం అడవిలో కలప కొట్టారు. తర్వాతి కాలంలో కొత్తగూడెం గనులు, 1965లో భద్రాచలం వద్ద గోదావరి మీద వంతెన, 1970ల చివర సారపాకలో కాగితపు మిల్లు, దాని కోసం పెంచిన జామాయిల్ తోటలు, అన్నీ కలిసి పెద్ద చెట్ల నీడ తీసేసి నేలను ఎండకు అప్పజెప్పాయి. రోడ్డు గట్లు, గనుల మట్టిదిబ్బలు, వదిలేసిన బీళ్లు సీమ తులసికి సిద్ధంగా దున్నిపెట్టిన మడుల్లాంటివి.

పోడును కూడా ఇక్కడే చెప్పుకోవాలి, న్యాయంగా చెప్పుకోవాలి. కోయలు, కొండరెడ్లు కొండవాలు చెట్లను నరికి కాల్చి రెండు మూడేళ్లు సాగుచేసి, ఆ చోటును వదిలి మరోచోటికి మారేవారు. వదిలిన చోట పదీ పదిహేనేళ్లలో అడవి తిరిగి లేచేది. మధ్య పరగణాల పాలనలో రేకపల్లి సీమలో గొడ్డలికి నాలుగు అణాల చొప్పున పన్ను కట్టి ఇష్టమైన చోట పోడు చేసుకునేవారు. 1874లో మద్రాసు చేతికి వచ్చాక పన్ను మూడింతలైంది, కొన్ని అడవుల్లో పోడే నిషేధమైంది. 1879లో రంప దగ్గర మొదలైన తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి ఇదొక ముఖ్య కారణమని 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరు రాసింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక తిరగడానికి చోటు ఇంకా కుంచించుకుపోయింది. నేల కొద్దిదైనప్పుడు వదిలిన చోటికే త్వరగా తిరిగి రావాలి, అడవి కోలుకునే వ్యవధి తగ్గుతుంది. అటువంటి సగం కోలుకున్న బీళ్లలో విదేశీ కలుపు ముందుగా చోటు పట్టుకుంటుంది. పోడు వల్లే కలుపు పెరిగిందని తేలిగ్గా అనేవారు ఈ వరుస గుర్తుంచుకోవడం మంచిది.

విత్తనం ప్రయాణించే పద్ధతి కూడా దానికి బాగా కలిసొచ్చింది. పువ్వు వాడాక దాని వెనకున్న రక్షకపత్రావళి పెరిగి పది గీతల చిన్న గంటలా గట్టిపడుతుంది. మూతికి అయిదు సూది మొనలు ఉంటాయి. పశువుల బొచ్చుకూ, పంచె అంచుకూ, గోనెసంచికీ అవి పట్టుకుంటాయి. లోపలి విత్తనం తడి తగలగానే చుట్టూ జిగురు పొర కట్టి బురదతో కలిసి గిట్టలకూ చక్రాలకూ అంటుకుంటుంది. ఎండాకాలం నిప్పులో ఎండిన కాడలు కాలిపోయినా, నేలలో పడిన గింజల్లో కొన్ని తొలకరికి మళ్లీ మొలుస్తాయి.

ఇక గుర్తుపట్టే పద్ధతి. ఆకులు మాత్రమే ఉన్నప్పుడు సీమ తులసిని అడవిలో ఇతర తులసి జాతులతోనూ, మొగబీరతోనూ పొరబడటం చాలా సులువు. వాసన సాయపడుతుంది కానీ నమ్మదగ్గ సాక్ష్యం కాదు. నేలను బట్టి, కాలాన్ని బట్టి అది మారుతుంది. పూత వచ్చేదాకా ఆగాలి. పువ్వు విప్పి భూతద్దం కింద చూస్తే పై పెదవి, కింది పెదవి కనిపిస్తాయి. మొగబీరలో కేసరాలు పై పెదవి వైపు లేస్తాయి. తులసిలోనూ సీమ తులసిలోనూ కింది పెదవి వైపు వాలి ఉంటాయి. కాబట్టి మొదటి ప్రశ్న కేసరాలు ఎటు ఉన్నాయన్నది. ఆ ప్రశ్నతో మొగబీర తప్పుకుంటుంది.

తులసినీ సీమ తులసినీ విడదీసే గుర్తు కింది పెదవి నిర్మాణంలో ఉంది. సీమ తులసిలో కింది పెదవి నడిమి తమ్మె చిన్న దోనె ఆకారంలో ఉండి, కేసరాలను బిగించి లోపల పట్టుకుంటుంది. పురుగు వాలగానే దోనె చటుక్కున కిందికి వంగుతుంది, విడిపడిన కేసరాలు పురుగు పొట్టకు పుప్పొడి చల్లుతాయి. ఒక పువ్వులో ఇది ఒక్కసారే జరుగుతుంది. సన్నని పుల్లతో తాకి చూసినా తెలిసిపోతుంది. సీమ తులసి చుట్టాల గుంపు మొత్తానికీ ఉన్న విశిష్ట లక్షణం ఇదే. తులసిలో కేసరాలు మొదటినుంచీ బయటికే చాచి ఉంటాయి.

పువ్వు రాలిపోయినా ఇబ్బంది లేదు. రక్షకపత్రావళి సరిపోతుంది. తులసిలో దాని పై తమ్మె ఒక్కటే వెడల్పుగా, గుండ్రంగా మూతలా ఉంటుంది. సీమ తులసిలో అయిదూ ఒకే తీరు సూదులు. తులసి పండిన రక్షకపత్రావళిలో సాధారణంగా నాలుగు గింజలుంటే, సీమ తులసిలో రెండే పండుతాయి. అవీ చదునుగా ఉంటాయి. ఇంత చిన్న తేడాలు చెప్పడం అతిగా అనిపించవచ్చు కానీ, నీళ్లలో ఉబ్బే సబ్జా గింజల పేరుతో ఏది అమ్ముడవుతోందో తేల్చాల్సి వచ్చినప్పుడు ఆధారం ఇవే. సబ్జా భూతులసి గింజ. సీమ తులసి గింజ కూడా అలాగే ఉబ్బుతుంది. మెక్సికోలో దాన్ని చాన్ అని పిలిచి నీళ్లలో నానబెట్టుకుని తాగుతారు. ఉబ్బడం మాత్రమే చూసి పేరు పెడితే రెండూ ఒకటైపోతాయి.

గుర్తింపు నిలవాలంటే నమూనా నిలవాలి. పూత, కాయ, ఆకులు ఉన్న కొమ్మను కాగితాల మధ్య ఒత్తి ఎండబెట్టి, దళసరి అట్టకు కుట్టి, దొరికిన ఊరు, తేదీ, నేల రకం, స్థానిక పేరు రాసి భద్రపరచడం వృక్షశాస్త్రంలో ఆరంభం నుంచీ ఉన్న పద్ధతి. మద్రాసులో మొదలై కోయంబత్తూరుకు చేరిన దక్షిణ భారత నమూనాల భాండాగారం, 1890లో ఏర్పడిన భారత వృక్షశాస్త్ర సర్వే, ఉస్మానియా విశ్వవిద్యాలయం, వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయం ఈ పనికి ఆశ్రయమిచ్చాయి. ఖమ్మం వైపు అడవులను శ్రద్ధగా తిరిగి చూసిన తరం 1970ల తర్వాతది. 1997లో తొలి సంపుటం వెలువడిన ఆంధ్రప్రదేశ్ వృక్షజాలం ద్వారా ప్రొఫెసర్ టి. పుల్లయ్య, ఆయన సహరచయితలు మద్రాసు సీమనూ నిజాం సీమనూ మొదటిసారి ఒకే పుస్తకంలో కలిపారు. రాజకీయంగా ఆ పని అంతకుముందే జరిగింది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారాయి. మొక్కల పుస్తకాల్లో ఒడ్డులు కలవడానికి ఇంకో నాలుగు దశాబ్దాలు పట్టింది.

ఈ మధ్యలో కలుపు మొక్కల మీద చూపు మారింది. అంతవరకూ పేరు రాసి ఊరుకునే విదేశీ మొక్కలు అడవికి చేసే నష్టం లెక్కలోకి వచ్చింది. దీనికి ముఖ్య కారణం వయ్యారిభామ. 1950ల మధ్యలో పుణె దగ్గర కనిపించిన ఆ అమెరికా కలుపు రెండు మూడు దశాబ్దాల్లో దేశమంతా అల్లుకుని, చర్మవ్యాధులకూ ఉబ్బసానికీ పేరుపడింది. పందొమ్మిదో శతాబ్దం ఆరంభంలో కలకత్తా తోటకు అలంకారంగా వచ్చిన లాంటానా అప్పటికే అడవుల్లో ముళ్లపొదగా పాకిపోయింది. 2008లో సి. సుధాకర్ రెడ్డి దేశంలోని దురాక్రమణ మొక్కల జాబితాను 173 జాతులతో ప్రచురించారు. అందులో అత్యధికం ఉష్ణమండల అమెరికావే. సీమ తులసి కూడా అందులో ఉంది.

అది చేసే నష్టం వయ్యారిభామలా ఒంటిమీద కనిపించదు. దట్టంగా మొలిచి నేలకు ఎండ తగలనివ్వదు. గడ్డి సన్నగిల్లుతుంది, టేకు, తునికి మొలకలకు చోటు తగ్గుతుంది. వాసన వల్ల పశువులు దాని జోలికి పోవు. అందువల్ల మేత ఉన్నచోట మేత తగ్గి, మేత కానిదే మిగులుతుంది. చలికాలం దాటాక ఎండి నిలబడే కాడలు కార్చిచ్చుకు కట్టెల్లా పనిచేస్తాయి. మంట మామూలుగా నేలమీదే పాకే అడవిలో అది నడుమెత్తుకు లేస్తుంది. మంట తర్వాత ఖాళీ అయిన నేలలో మళ్లీ ముందు మొలిచేది సీమ తులసే.

మంచి పక్క కూడా రాయాలి. ఆకుల్లోని సుగంధ తైలంలో సినియోల్, కారియోఫిలీన్ వంటి పదార్థాలు ఉంటాయి. దోమలను తరమడానికి పశ్చిమ ఆఫ్రికాలోని గినీ-బిసావులో ఈ మొక్కను పొగవేస్తారు. అక్కడ జరిగిన పరీక్షల్లో దానికి దోమలను దూరం పెట్టే శక్తి ఉందని తేలింది. మలేరియా పీడ పాతదైన గోదావరి ఏజెన్సీకి ఇది పనికొచ్చే విషయమే. అయితే వాడకం పేరుతో పెంచాల్సిన అవసరం ఏమాత్రం లేదు. ఉన్నదే చాలినంత ఉంది.

శాస్త్రీయనామం కథ ఇరవై ఒకటో శతాబ్దంలో మరో మలుపు తిరిగింది. హిప్టిస్ ప్రజాతి వందల జాతులతో ఉబ్బిపోయింది. అర్జెంటీనాలో కార్ల్ ఎప్లింగ్ 1949లో ప్రచురించిన సమీక్ష దాన్ని ఉపవిభాగాలుగా సర్దింది కానీ, ప్రజాతిని చీల్చలేదు. జన్యు పరీక్షలు అందుబాటులోకి వచ్చాక ఆ జాతులన్నీ ఒకే తల్లి పిల్లలు కావని తేలింది. ఇంగ్లండులోని క్యూ ఉద్యానంలో పనిచేసిన రేమండ్ హార్లీ, బ్రెజిల్ శాస్త్రవేత్త పాస్తోరే 2012లో ఆ గుంపును తిరిగి విభజించారు. సీమ తులసి, పాట్రిక్ బ్రౌన్ 1756లో పెట్టిన మీసోస్ఫీరమ్‌లోకి తిరిగి వెళ్లింది. అది ఆ ప్రజాతిలోదే అని జర్మన్ శాస్త్రవేత్త కుంట్జె 1891లోనే రాశాడు, అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. అందువల్ల పాత పుస్తకాల్లో హిప్టిస్ స్వావియోలెన్స్, కొత్త జాబితాల్లో మీసోస్ఫీరమ్ స్వావియోలెన్స్ కనిపిస్తే అవి రెండు మొక్కలని అనుకోకూడదు. అటవీ ఉద్యోగుల నివేదికల్లో, విద్యార్థుల పరిశోధన పత్రాల్లో ఈ పొరపాటుకు తావుంది కాబట్టి రెండు పేర్లూ కలిపి రాయడం మేలు.

2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లడంతోనూ, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడడంతోనూ ఇక్కడి సరిహద్దు మళ్లీ మారింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం వైపు నమూనాలు ఒక రాష్ట్రపు జాబితాలోకి, భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపువి మరో రాష్ట్రపు జాబితాలోకి చేరతాయి. నూరేళ్ల కిందట కుడి ఒడ్డుకు జరిగిన నష్టం మళ్లీ జరగకుండా ఉండాలంటే రెండు రాష్ట్రాల వృక్షశాస్త్ర విభాగాలు ఈ అడవిని ఒకే అడవిగా చూడాలి.

గూడేల్లోని పాఠశాలలు, వన సంరక్షణ సమితులు ఇందులో తోడ్పడగలవు. సీమ తులసిని పీకాల్సిన సమయం ఆగస్టు, సెప్టెంబరు నెలలు. అప్పటికి మొదలు ఇంకా గట్టిపడదు, తడి నేలలోంచి వేరుతో సహా వస్తుంది, గింజ పట్టదు. అక్టోబరు దాటాక పీకి దారి పక్కన పడేస్తే గింజలు చల్లినట్టే. పీకే ముందు పూత మొదలైన ఒక కొమ్మను కాగితాల్లో ఒత్తి, ఊరి పేరూ తేదీ రాసి, దగ్గరి కళాశాల వృక్షశాస్త్ర విభాగానికి అందించండి.